ఏడో రోజు పాఠం

మాది రేపల్లె. రోజూ రైల్లో తెనాలి వెళ్లి ఉద్యోగం చేసి, ఆదివారం మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెబుతాను.

ఆ వారం పాఠం బైబిల్లో అంకెల అర్థాలు. నలభై పరీక్షకు గుర్తన్నాను. ఏడు సంపూర్ణతకు గుర్తని, ఏడో రోజున దేవుడు విశ్రమించాడని చెబుతూ ఒక్క క్షణం కళ్లు మూశాను.

మెలకువ వచ్చేసరికి నా తల బల్ల మీద ఉంది. గుమ్మంలో పాస్టరుగారు! ముందు వరుసలోని చిన్నపిల్ల నోటి మీద వేలు పెట్టుకుని, "మెల్లగా అయ్యగారూ, టీచర్‌గారికి ఏడో రోజు వచ్చేసిందండి" అంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నవ్వి, ఫ్యాను పెంచి వెళ్లిపోయారు.

ఆ పిల్ల పాఠం బాగానే విన్నది. ఇంటికెళ్తే సింకు నిండా అంట్లు. ఏడో రోజు సంగతి వాటికెవరూ చెప్పినట్టు లేదు.