కొబ్బరికాయ లేచిన చోట

ఈ రోజు తాడిమర్రి దగ్గర మా బడిలో పదో తరగతికి భూకంపాల పాఠం చెప్పాను. సముద్రం అడుగునున్న రాతిపలక ఖండం కిందికి దూరుతూ నీటినీ లాక్కెళ్తుందని, ఆ లోతులో నీరు రాళ్ల పట్టు సడలించి భూమిని కదిలిస్తుందని వివరించాను.

గంట కొట్టాక ఆ తరగతిలోని లక్ష్మీదేవి ఆగింది. వాళ్ల నాయన నీటి జాడ చెప్పడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలల్లో నడిచేవాడు; అది నిలువుగా లేచిన చోట రైతులు బోరు వేయించేవారు. వరసగా నాలుగు బోర్లలో దుమ్మే వచ్చింది. ఊరు అతన్ని మోసగాడంది. ఆ దిగులుతోనే పోయిన నెల చనిపోయాడు.

“బోరుకు అందని అంత లోతు నీళ్లకు గూడా కాయ లేస్తాది గదా సార్? అట్లయితే మా నాయన మోసం చేయలే.”

మన నేల కింద అలా దూరే సముద్రపు పలకేదీ లేదు. అయినా “చేయలేదమ్మా” అన్నాను.

పరీక్షలో ఆమె మన ఊరి కింద ఆ నీళ్లున్నాయని రాస్తే సున్నా వేయాల్సింది నేనే. ఈ బ్లాగు చదివే మాస్టార్లూ, మీరైతే వేయగలరా?