కామేశ్వరి ఎంచుకున్న గడియారం

కంచరపాలెంలో నాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉండేది. 2006 వేసవిలో మా వీధి కేబుల్ ఆఫీసు లైన్‌మన్ సూరన్న దొంగ అని నమ్మిన వాళ్లలో నేనూ ఒకణ్ని. నమ్మి ఊరుకోలేదు, షాపుకొచ్చిన వాళ్లందరికీ చెప్పాను. కామేశ్వరి సంగతి చెప్పేముందు ఆ మాట ఒప్పుకోవడం న్యాయం.

కామేశ్వరిది మల్కాపురం. తండ్రి రిఫైనరీలో కాంట్రాక్టు వెల్డరు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఇరవై రెండేళ్లకి అర్జునరావు కేబుల్ ఆఫీసులో చేరింది. ఆయన టీవీ కేబుల్‌తో పాటు ఇంటర్నెట్ కూడా ఇవ్వడం అప్పుడే మొదలుపెట్టాడు. ఒక పెద్ద లైను తీసుకుని మూడు వందల ఇళ్లకి పంచేవాడు. పంచే పని వెనక గదిలో ఉన్న ఒక మామూలు కంప్యూటరు చేసేది. అందులో లినక్స్ ఎక్కించి, ఏ ఇంటికి ఎంత వెళ్లాలో అమర్చింది కామేశ్వరి. ఆ చదువు ఆమెకి ఎవరూ చెప్పలేదు. నా షాపులో కాగితాలు ప్రింటు తీయించుకుని, సిటీ బస్సులో నిలబడి చదువుకునేది.

"నెట్‌లో వెళ్లేదంతా చిన్న చిన్న పొట్లాలండి. ఏది ముందు పంపాలి, ఏది కాసేపు ఆపాలి అని మిషనే చూసుకుంటుంది" అని ఒకసారి నాకు చెప్పింది.

సెకనుకి ఇంత అని పంచాలంటే సెకను ఎంతసేపో మిషన్‌కి తెలియాలి కదా. లినక్స్‌కి గుండెకాయలాంటి భాగం ఒకటుంది, కెర్నల్ అంటారు. దాన్ని తయారు చేసుకునేటప్పుడు అది ఒక ప్రశ్న అడిగేది, ఈ పంపకానికి ఏ గడియారం వాడమంటావని. జవాబులు మూడు. ఒకటి ముతక లెక్క. ఇంకోటి కచ్చితమైన టైమే గాని, అడిగిన ప్రతిసారీ మిషన్‌కి కొంత శ్రమ. మూడోది ప్రాసెసర్ తన అడుగులు తానే లెక్కపెట్టుకునే కౌంటరు. దానికి శ్రమ లేదు, కొలత బహు సన్నం. కామేశ్వరి మూడోది ఎంచుకుంది.

రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2006 ఫిబ్రవరిలో ఉప్పుగాలికి పాత కంప్యూటరు బోర్డు తుప్పు పట్టి పోయింది. కామేశ్వరి కొత్త కంప్యూటరు తెచ్చి, అందులో పాత అమరికే దించింది.

మార్చి నుంచి మధ్యాహ్నం పూట నెట్ చచ్చుబడిపోయేది. ఊరంతా వాడే సాయంత్రం బాగుండేది, ఎవరూ వాడని మధ్యాహ్నం సగానికి సగం పడిపోయేది. రోజూ ఫోన్ చేసి విసుక్కునే వాళ్లలో నేను మొదటివాణ్ని. అర్జునరావు కామేశ్వరిని పిలిచి అడిగాడు.

"మిషన్‌లో తప్పు లేదు సార్. మూడుసార్లు చూశాను. పోతే వైర్లలోనే పోవాలి" అంది.

వైర్లు చూసేవాడు సూరన్న. ఫిషింగ్ హార్బర్ వైపు చేపలు పట్టే జాలారి కుటుంబం, పదేళ్లుగా మా వీధుల్లో స్తంభాలెక్కుతున్నాడు. మధ్యాహ్నాలు ఒక నెట్ సెంటర్ ముందు స్తంభం మీద అతన్ని చూశామని ఇద్దరు చెప్పారు. అంతే, డబ్బు తీసుకుని ఆ సెంటర్‌కి దొంగ కనెక్షన్ ఇచ్చాడన్నారు. అర్జునరావు సంజాయిషీ కూడా అడగలేదు. నడివీధిలో అందరి ముందూ నడుముకున్న, స్తంభాలెక్కే బెల్టు విప్పించి వెళ్లిపొమ్మన్నాడు. సూరన్న బెల్టు మడిచి ఆయన చేతికిచ్చి వెళ్లిపోయాడు. కామేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది. నేను షాపులోంచి చూశాను.

అతను పోయాక కూడా నెట్ బాగుపడలేదు. దొంగ వైరు ఎక్కడో ఇంకా మిగిలుందనుకున్నాం.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నా కంప్యూటర్లో పేజీలు చకచకా తెరుచుకున్నాయి. మంచి జరిగినప్పుడూ చెప్పాలి కదా అని ఫోన్ చేశాను.

"అమ్మాయ్, ఏం చేసేవో గాని ఇయాళ నెట్ పరుగెడతంది."

"నేనేం చెయ్యలేదండి. కొత్త కెర్నల్ తయారు చేస్తన్నాను. ఆ పనితో మిషన్‌కి ఊపిరాడటం లేదు. అసలైతే ఇంకా నెమ్మదవ్వాలి."

"నెమ్మదేటి, సాయంత్రంలాగుంటేను."

"లైన్లో ఉండండి" అంది. కీబోర్డు చప్పుడైంది.

"ఇప్పుడెలా ఉంది?"

"పడిపోయింది."

"ఇప్పుడు?"

"మళ్లీ బాగుంది."

అలా ఐదుసార్లు అడిగింది. ఏమైందమ్మా అంటున్నా వినకుండా ఫోన్ పెట్టేసింది.

ఆ గదిలో ఏం జరిగిందో కొన్నాళ్లకి నాకు ఆమే చెప్పింది. నన్ను అడిగిన ప్రతిసారీ ఆ కెర్నల్ తయారీ ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూసిందట. కొత్త ప్రాసెసర్ పని లేనప్పుడు కరెంటు ఆదాకి తన వేగం తానే తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే అడుగులూ తగ్గుతాయి, అడుగులతో నడిచే గడియారమూ నెమ్మదిస్తుంది. మనకి రెండు సెకన్లు గడిస్తే దానికి ఒక్కటే. ఒక్క సెకను వాటాని రెండు సెకన్లు పంచుతుంది. పని నెత్తిన పడితే మళ్లీ సరిగ్గా నడుస్తుంది. అందుకే సాయంత్రాలు బాగుండేది.

ఆ పాత ప్రశ్న తెరిచి, పక్కనున్న వివరణ చదివింది. శ్రమ లేదు, సన్నని కొలత అన్న మాట మొదట్లోనే ఉంది. దాని వెంటనే, కొన్ని మిషన్లలో ఇది ఒకే వేగంతో నడవదని కూడా రాసి ఉంది.

"నేను సగం చదివి ఆపేశానండి. మిగతా సగానికి సూరన్న బాబాయి పని పోయింది" అంది నాతో.

ఆ సాయంత్రమే గడియారం మార్చి అర్జునరావుకి చెప్పింది. ఆయన తలెత్తకుండా విన్నాడు.

"మార్చీసేవు కదా, ఇంకేటి?"

"సూరన్న బాబాయిని పిలవాలి సార్."

"ఎందుకూ? కొత్త మనిషి వచ్చాడు. ఈ సంగతి గడప దాటితే ఉన్న కస్టమర్లు కూడా పోతారు. నోరు మూసుకుని పని చూసుకో."

తన తప్పు తెలిసినప్పటికంటే ఆ మాటకే ఎక్కువ బిత్తరపోయానని చెప్పింది. ఆయన పరుగున వెళ్లి సూరన్నని తీసుకొస్తాడని అనుకుందట.

మర్నాడు పొద్దున్నే హార్బర్‌కి వెళ్లింది. సూరన్న బోటులోకి ఐసు మోస్తున్నాడు. భార్య నూకాలు జెట్టీ మీద చేపలు ఏరుతోంది. కామేశ్వరి ఇద్దరి ముందూ నిలబడి మొత్తం చెప్పింది.

"అయితే వైర్లలో ఏటీ లేదా అమ్మా?" అన్నాడు సూరన్న.

"లేదు బాబాయ్. తప్పు నాదే."

"మరి నాను ఉన్నాదనే అనుకున్నాను. ఎక్కడో జాయింటు వదిలీసుంటాననుకున్నాను. ఆ నెట్ సెంటర్ కాడ ఎక్కింది కూడా అందుకే, అక్కడే కంప్లయింట్లు ఎక్కువని. పని పోయినాక నాలుగాదివారాలు తెల్లారగట్ల వచ్చి స్తంభాలన్నీ సూసినాను. మూడు జాయింట్లు కొత్తగా కట్టినాను."

"నాను తిట్టినానమ్మా," అంది నూకాలు. "దొంగోడని ఊరంతా అంతంటే ఇంకా ఆ స్తంభాలెందుకెక్కుతావని. ఇన్నాడు కాదు."



కామేశ్వరి అక్కణ్నించి నేరుగా నా షాపుకి వచ్చింది. చేతిరాతతో ఒక కాగితం, యాభై కాపీలు కావాలంది. జిరాక్స్ మిషన్ మీద పెట్టబోతూ చదివాను. నెట్ సగానికి పడిపోవడానికి కారణం నేను, సూరన్న కాదు, అని మొదలైంది. కింద గడియారం సంగతి నాలుగు ముక్కల్లో ఉంది. సంతకం, చిరునామా ఉన్నాయి. నా చెయ్యి మూత మీదే ఉండిపోయింది. ఆ మధ్యాహ్నం ఫోన్లో "బాగుంది, పడిపోయింది" అని చెప్పిన నాకు, నేను దేనికి సాక్ష్యమిస్తున్నానో అప్పటిదాకా తెలియలేదు.

మొదటి కాగితం ఆఫీసు తలుపుకే అంటించింది. అర్జునరావు ఆ పూటే ఆమెని పనిలోంచి తీసేశాడు. మిగతావి టీ కొట్లకీ, రైల్వే గేటు గోడకీ నేనే అంటించాను. ఆ పని ఎవరూ నాకు చెప్పలేదు.

జూన్ దాటేసరికి చాలామంది అర్జునరావు కనెక్షన్ తీయించేశారు. అప్పుడాయన సూరన్న కోసం మనిషిని పంపాడు. సూరన్న వెళ్లలేదు, మల్కాపురంలో వేరే కేబుల్ ఆయన దగ్గర చేరాడు. కామేశ్వరికి స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో ఒక కంప్యూటర్ సెంటర్లో నెట్‌వర్క్ పని దొరికింది.

2007లో ఒకరోజు కామేశ్వరి కంగారుగా షాపుకొచ్చింది. కొత్త కెర్నల్‌లో ఆ గడియారం ప్రశ్న కనపడటం లేదట. ఫైలు పాడైందనుకుని మళ్లీ దింపుకుందట. అప్పుడూ లేదు. వెతికితే తెలిసింది, తయారుచేసే వాళ్లు ఆ మూడు జవాబులూ తీసేశారు. పంపకం ఇక కెర్నల్ సొంత టైముతోనే నడుస్తుంది. ఎంచుకునే పనే లేదు.

"తీసెయ్యడం ఇంత తేలికా అండి?" అంది. కుర్చీలో కూచుని, నా ఫోన్ అడిగి సూరన్నకి చేసింది. విషయం చెప్పి చాలాసేపు విన్నది.

"ఏమన్నాడు?" అన్నాను.

"మరి ఆళ్లు ముందే ఎందుకు తీసీలేదమ్మా అని అడిగాడు. తర్వాత నూకాలు మాట్లాడింది, ఆదివారం భోజనానికి రమ్మంది."

"వెళ్తావా?"

"వెళ్తాను," అంది. ఫోన్ నా చేతికిచ్చి లేచింది.