గద్దకు తోవ లేని దొడ్డి

పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మా బావమరిది ఫోన్ చేసి, "అమ్మ సచ్చిపోయినాది బావా" అన్నాడు. మధ్యాహ్నం అన్నం తిని, కోళ్ళదొడ్డిలో చెట్ల కింద మంచం వేసుకుని పడుకుందట. కోళ్ళకి నూకలు జల్లే వేళకి కూడా లేవకపోతే కోడలు వెళ్ళి చూసిందట. విజయనగరంలో బస్సెక్కిన దగ్గర్నుంచీ నా భార్య ఏడుస్తూనే ఉంది. శ్రీకాకుళం దాటాక ఎందుకో ఒక్కసారి ఫక్కున నవ్వింది. "ఏటే?" అన్నాను. "నీ చొక్కా తొడిగిన దిష్టిబొమ్మ గుర్తొచ్చింది బావా" అంది. మా అత్త సంగతి అంతే. ఆవిడ గురించి ఏడుపుతో మొదలుపెట్టినా నవ్వులోనే తేలతాం.

ఆవిడ నాకు రెండు విధాలా అత్త. మా నాన్నకి చెల్లెలు, నాకు పిల్లనిచ్చిన మనిషి. అందువల్ల అల్లుడి మర్యాదలు నాకు ఏ రోజూ దక్కలేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే "ఒరే అల్లుడా, సెప్పులు తర్వాత ఇప్పుదువు గాని, ముందు ఆ గంప ఇలా అందుకో" అనేది.

వాళ్ళ ఊరు నరసన్నపేట నుంచి కాస్త లోపలికి. ఒక ఏడు వచ్చిన తుపానుకి పెరట్లో ఉన్న పనసచెట్టూ కొబ్బరిచెట్లూ కూలిపోయి, కోళ్ళదొడ్డి అరచేయిలా బోసిగా మిగిలింది. ఇక గద్దకి పండగే. అల్లుడొస్తే కోడి కొయ్యాలి కదండీ? నేను ఎప్పుడు వెళ్ళినా పప్పే. "నీకని పెంచుదామనుకున్న పిల్లని పెద్దల్లుడు ఎత్తుకుపోనాడురా" అనేది. పెద్దల్లుడంటే గద్ద. "పిలవకుండా వస్తాడు, పెట్టకుండా తింటాడు. నీకన్నా నయం, పండక్కి బట్టలడగడు" అని పైన దెప్పు ఒకటి.

ఇందులో నవ్వులాట కాని సంగతి కూడా ఉంది. కొడుకూ కోడలూ పొద్దున్నే పొలానికి పోతారు. పగలంతా కోడిపిల్లలకి కాపలా మా అత్తే. చేతిలో కర్ర, కళ్ళు ఆకాశంలో. ఆ కాపలా వల్ల ఆవిడ కూతురింట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పొద్దుటి బస్సుకి రావడం, కూర్చోకుండానే తిరుగు బస్సు గురించి అడగడం. మా గృహప్రవేశానికి వచ్చి, పాలు పొంగగానే "నానెల్తాను" అని లేచింది. భోజనం కూడా చెయ్యలేదు. ఆ రోజు నా భార్య వంటింట్లో నిలబడి ఏడ్చింది. తర్వాత ఫోన్లో కడిగేసింది.

"నీకు కూతురికన్నా కోళ్ళెక్కువా అమ్మా?"

"కోళ్ళనయితే గద్ద ఎత్తుకుపోతాదే. నిన్ను ఎవులెత్తుకుపోతారు? ఎత్తుకుపోయినోడు నీ పక్కనే ఉన్నాడు కదా!"

ఆ మాటకి నవ్వాం గానీ, ఫోన్ పెట్టేశాక నా భార్య అమ్మ కోసం తీసిన కొత్త దుప్పటిని మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

సరే, ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను. నాది ఎలక్ట్రికల్ షాపు. మెరుపు రిబ్బన్లు తీసుకెళ్ళి దొడ్డి చుట్టూ కట్టాను. గద్ద లెక్కచెయ్యలేదు, కోళ్ళు మాత్రం బెదిరి రెండ్రోజులు గూట్లోంచి దిగలేదు. మా అత్త నా పాత చొక్కా తొడిగి దిష్టిబొమ్మ నిలబెట్టింది. గద్ద తీరిగ్గా వచ్చి నా నెత్తిమీద, అంటే ఆ బొమ్మ నెత్తిమీద, కూర్చుంది. "మనుసుల్ని బాగా పోలుస్తాదిరా ఇది" అంది మా అత్త.

చివరికి భావనపాడులో తెలిసినవాళ్ళని అడిగి ఒక పాత చేపలవల తెచ్చి దొడ్డి మీద పందిరిలా కప్పాను. గద్ద రావడం మానేసింది. నేను మీసం మెలేశాను. కానీ ఆ వలకి చేపల వాసన ఏళ్ళ తరబడి పట్టి ఉంది. రెండో రోజుకల్లా ఊళ్ళో పిల్లులన్నీ దొడ్డి చుట్టూ చేరాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ. మా అత్త ముక్కు మూసుకుని ఆ వలని నా చేతిలో పెట్టి, "నువ్వు దీపాలు ఎలిగించుకోరా నాయినా, కోళ్ళ సంగతి నాను సూసుకుంటాను" అంది.

ఆవిడకి దారి దొరికింది ఎండాకాలంలో. కోళ్ళన్నీ ఎండకి నోళ్ళు తెరుచుకుని పక్కింటి గోరింట పొదల కిందికి దూరుతున్నాయి. గద్ద పైన తిరిగి తిరిగి వెళ్ళిపోతోంది. నన్ను చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి చూపించింది.

"సూడరా. అది రెక్కలు సాపుకుని దిగాలంటే సోటుండాల. కొమ్మలుంటే దానికి తోవేది? మన కోళ్ళకి నీడా అయితాది, కాపలా అయితాది."

తొలకరి పడగానే మొదలుపెట్టింది. దడి పొడుగునా గోరింట కొమ్మలు, మధ్యలో అవిశ గింజలు, మూల మీద మునగ. మొక్కలకి నీళ్ళు పోసేసరికి కోళ్ళు తడిమట్టి దొరికిందని సంబరపడి వేళ్ళతో సహా పెకిలించేశాయి. "మీకోసమే కదే దొంగముండల్లారా!" అని వాటితో గంటసేపు తగువాడింది. మళ్ళీ నాటింది. ఈసారి మొదళ్ళ చుట్టూ రాళ్ళూ కుండపెంకులూ పేర్చి, ముళ్ళకంప కట్టింది. గాలివానకి మునగ విరిగిపోతే, "దీనికి నడుం లేదు" అని కూర వండేసి, ఆ చోట కానుగ పెట్టింది.

పక్కింటాయన దడి మీంచి, "కోళ్ళకి తోటేటమ్మా? రేపు ఏసీ కూడా పెట్టిస్తావా?" అన్నాడు.

"పెట్టిస్తాను. కరెంటు బిల్లు నువ్వు కట్టు" అంది.

"ఈ వయసులో నాటినావు, ఆ నీడ నువ్వెప్పుడు సూస్తావు?"

"నాను సూడ్డమేటి, కోడి సూస్తే సాలు."

మూడో వానాకాలానికి అవిశలు ఇంటి చూరు దాటాయి, గోరింట దట్టంగా అల్లుకుంది. ఇంకో చిక్కు వచ్చిపడింది. సాయంత్రమైతే కోళ్ళు గూటికి రాకుండా కొమ్మలెక్కి కూర్చోవడం మొదలెట్టాయి. రోజూ దీపాలవేళ మా అత్త కర్రతో ఒక్కొక్కదాన్నీ బతిమాలి, తిట్టి దింపేది. చివరికి కింది కొమ్మలు కొట్టించింది. పిల్లులు ఎక్కకుండా మొదళ్ళకి కంప చుట్టింది.

ఆ కార్తీకంలో ఒక పొద్దున్న చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. నా భార్య అలవాటుగా "తిరుగు బస్సెప్పుడు?" అంది. మా అత్త సంచి మంచం మీద పెట్టింది. నా భార్య జిప్పు లాగి చూసింది. లోపల మడతపెట్టిన చీరలు, దువ్వెన, నూనెసీసా ఉన్నాయి. ఆ చీరల్ని ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూలబడి భోరుమంది. "ఏటే, ఎవులైనా పోనారేటి?" అని మా అత్త కంగారుపడింది. ఆ కన్నీళ్ళలో ఉన్నంత సంతోషం మా ఇంట్లో మరే శుభకార్యంలోనూ నేను చూడలేదు.

వారం ఉంది. సాయంత్రం అయ్యేసరికి కొడుక్కి ఫోన్: "అన్నీ ఉన్నాయేట్రా?" "ఉన్నాయమ్మా" అనేవాడు. నాలుగో రోజు ఫోన్ చెయ్యడం మానేసింది. "నా పని సెట్లు సేస్తన్నాయి. నాకిక్కడ పనేటుంది? సినిమాకి తీసుకెల్లండి" అంది. తీసుకెళ్ళాం. ఆ తర్వాత ఆవిడని పట్టడం ఎవరి తరం కాలేదు. శ్రీకూర్మంలో తాబేళ్ళని చూసి, "దీనికి సెట్టక్కర్లేదే, ఇల్లు నెత్తిమీదే ఉన్నాది" అంటే గుళ్ళో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఈ ఐదారేళ్ళలో మా ఇంట్లో ఎన్ని రాత్రులు పడుకుందో, నా భార్యకి ఎన్నిసార్లు తలంటిందో. అవన్నీ ఆ చెట్లు మాకు ఇచ్చినవే. అత్తా, నీకు దండం.

పెద్దకర్మ అయిన మర్నాడు చుట్టాలంతా వెళ్ళిపోయారు. కొడుకూ కోడలూ పొలానికి వెళ్ళారు. మా సంచీ సర్ది గుమ్మంలో పెట్టాను. నా భార్య దొడ్డిలోంచి కదలదు. "ఇప్పుడు వీటినెవులు సూస్తారు బావా? నాను ఇక్కడే ఉండిపోతాను" అంటోంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఒక పెట్ట పిల్లల్ని వెంటేసుకుని ఎండలోకి వచ్చి నూకలు ఏరిస్తోంది.

నేలమీద గద్ద నీడ జారింది. నా భార్య చెయ్యి పైకెత్తింది, అరవబోయింది. ఆ అరుపు గొంతు దాటకముందే పెట్ట కొర్రుమంది. రెప్పపాటులో దొడ్డి ఖాళీ. ఒక్క పిల్ల కూడా కనబడలేదు. గద్ద అవిశల మీద రెండుసార్లు తిరిగింది. దిగే చోటు లేక పొలాల మీదుగా వెళ్ళిపోయింది.

నా భార్య ఎత్తిన చెయ్యి మెల్లగా దించింది. కళ్ళు తుడుచుకుని, "పద బావా, బస్సుకి టైమైనాది" అంది. మేం వెంటనే కదలలేదు. కాసేపటికి గోరింట కింద ఆకులు కదిలాయి. ఒక పిల్ల మెడ చాచి అటూ ఇటూ చూసి, బయటికి వచ్చి, ఒక నూకగింజని ముక్కున కరుచుకుని మళ్ళీ నీడలోకి పరిగెత్తింది.