పావు చుట్టు ఎక్కువ

సబాతినో పనికి వెళ్లాలంటే కొండ సొరంగం అవతలి కొసదాకా కారు నడిపి, అక్కడ తిరిగి, మళ్లీ కొండ నడుమకు రావాలి. ప్రయోగశాల ద్వారం అటునుంచి వచ్చే దారికే ఉంది. పదకొండేళ్లుగా అతని పొరుగున ఉన్నాను. ఆ చుట్టుదారిని అతను ఒక్కనాడూ తిట్టలేదు. భార్య పోయాక ఇంటికంటే కారే నయమనేవాడు.

గోరంత స్ఫటికాలను కంచు పట్టీల్లో బిగించడం అతని పని. వాటిని ఊహకందనంత చల్లబరుస్తారు. కంటికి కనబడకుండా లోకమంతా నిండి ఉందంటున్న కృష్ణ పదార్థంలోని అతి తేలిక కణం ఏదైనా తగిలితే రవ్వంత వేడి పుట్టి, తెరమీద చిన్న గీత లేస్తుంది. అంతే. నేను మఠాల్లో తలదాచుకున్నాను, లైట్‌హౌస్ కాపలాదారుతో ఒక చలికాలం గడిపాను. ఎదురుచూపే బతుకుగా పెట్టుకున్నవాళ్లలో ఇంత ఓపిక ఎక్కడా చూడలేదు.

ఆ సంవత్సరం గీతలు లేచాయి, రోజుకు వందల్లో. ప్రయోగం నడిపే ఒత్తావియా, కణం దొరికిందంటూ వ్యాసం మొదలుపెట్టింది. సబాతినో జున్నూ రొట్టే పట్టుకుని తెరముందే కూర్చునేవాడు. "ఎవరో తలుపు తడుతున్నారు" అనేవాడు. అతనింటి తలుపు తట్టేది నేనొక్కణ్నే.

ఆరో వారానికి ఆ తట్టుడు పలచబడుతున్నట్టు కనిపెట్టాడు. లోకమంతా నిండినది ఇలా అలిసిపోతుందా? వాళ్ల నాన్న ద్రాక్షసారాయి పీపాలు కట్టేవాడు. ఇనుపకట్టు బిగిశాక కూడా ఇంకో దెబ్బ వేయమని కొడుక్కి నేర్పాడు. కొత్త పీపా కొన్నాళ్లు టకటకమని, సర్దుకుని, ఊరుకునేది. స్ఫటికాల స్క్రూలనూ సబాతినో తనకు చెప్పినదానికంటే పావు చుట్టు ఎక్కువే తిప్పాడు; ఆ బిగువుకు స్ఫటికాలే టకటకమంటున్నాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే ఆ తట్టుడు ఉండదు.

"స్క్రూలు వదులు చెయ్యాలమ్మా" అన్నాడు ఒత్తావియాతో.

"ఇప్పుడా బాబాయ్? నాలుగు నెలలు మూతపడతాం. మతి పోయిందా నీకు?"

"నా చెయ్యి బరువైంది. రాయి నొప్పికి మూలుగుతోంది, నువ్వేమో చుట్టం వచ్చాడని కుర్చీలు సర్దుతున్నావు."

ఒత్తావియా రాస్తున్న వ్యాసం పక్కన పెట్టింది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"పదిరోజులు."

"మరి పదిరోజులూ ఏం చేశావ్?"

"వింటూ కూర్చున్నా."

విప్పారు, వదులు చేశారు, మళ్లీ చల్లబరిచారు. గీతలు దాదాపు పోయాయి. "ఇంత శుభ్రంగా ఎప్పుడూ లేదు బాబాయ్" అంది ఒత్తావియా. అతనూ తలూపాడు.

భోజనం ఇప్పటికీ ఆ తెరముందే. రొట్టె నమిలే చప్పుడు తనకే వినపడుతోందట. ఎవరైనా తడితే వినపడాలని మెల్లగా నములుతున్నానని నాతో చెప్పాడు.