అనుపు దాకా గడువు

టీకా మంచిదే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరికొచ్చేసరికి నన్ను టీకాలు వద్దనే మనిషి కింద జమకడతారు. మశూచికం వచ్చి బతికిన మొహాలు చిన్నప్పుడు విజయనగరంలో మా వీధిలోనే బోలెడు చూశాను. నా కోపం టీకా మీద కాదు. ఇన్నేళ్ళయినా చల్లారని ఆ కోపం ఎవరి మీదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అరవైల చివర్లో నాకు కోటబొమ్మాళికి నాలుగు మైళ్ళ అవతల ఒక పల్లెలో బడి ఇచ్చారు. ఒకే గది, ఐదు తరగతులు, ఒకే పంతులమ్మ. మాది బట్టల కొట్టు ఉన్న ఇల్లు. పెళ్ళి చెయ్యకుండా పిల్లని ఉద్యోగానికి పంపాడని మా నాన్నని బంధువులు దెప్పని రోజు లేదు. ఆ పల్లెలో నాకు తన ఇంటి ముందు గది అద్దెకిచ్చినావిడ ఒక రైతు ముసలమ్మ. ఊరంతా ఆవిడని మామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇంట్లో ఆవిడా, మనవరాలూ, అంతే. పిల్ల తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని పాతపట్నం వైపు వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల నా దగ్గర ఐదో తరగతి చదివేది. బెల్లం చుట్టిన కాగితం కూడా విప్పి చదివేసే రకం. ఆ ఊళ్ళో ఐదు దాటిన ఆడపిల్ల లేదు. ఈ పిల్లని జూన్‌లో కోటబొమ్మాళి హైస్కూల్లో ఆరులో చేర్చాలని రెండేళ్ళు మామ్మ చుట్టూ తిరిగాను. ఆవిడ ఊ అన్న రోజున నాకు ఉద్యోగం వచ్చినప్పటికంటే ఎక్కువ సంతోషమేసింది.

"నాకు అచ్చరం ముక్క రాదు. నీ మాట మీద పంపుతన్నాను పంతులమ్మా. గుంటకి ఏటైనా అయితే నిన్నే అడుగుతాను" అంది మామ్మ. గుంట అంటే ఆ వైపు ఆడపిల్ల.

ఆ ఏడే టీకాల గొడవ మొదలైంది. ప్రతి ఒక్కరూ వేయించుకుని తీరాలనీ, కాదంటే కేసు పెడతామనీ చాటింపు వేయించారు. టీకాల వాళ్ళు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ ఊరు తలుపులు బిడాయించుకుంది. పిల్లల్ని జీడితోటల్లోకి పంపేశారు. మూఢులు, మొండివాళ్ళు అని టీకాల వాళ్ళు బడికొచ్చి నా ముందే ఊరిని తిట్టిపోసేవాళ్ళు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను, మామ్మ తన పెద్దకొడుకు సంగతి చెప్పేదాకా.

ఎప్పుడో వెనక, ఆ కొడుక్కి ఆరేళ్ళప్పుడు, టీకా వేయించిందట. వచ్చినవాడు ఒకే కత్తితో వీధి వీధంతా గీసుకుంటూ పోయాడు. మధ్యమధ్య దాన్ని పంచె కొంగుకి తుడుచుకున్నాడు. పిల్లాడి చెయ్యి వాచి, చీము పట్టి, నెల తిరక్కుండా పోయాడు. మామ్మ మొహం నిండా మశూచికం మచ్చలే. వాటి మీద చెయ్యి వేసుకుని అంది: "అమ్మోరు నన్ను సూసి వదిలేసినాది. టీకాలోడు నా కొడుకుని వదల్లేదు."

అయినా నేను వదల్లేదు. బడి అయ్యాక ఇంటింటికీ వెళ్ళి అరుగుల మీద కూర్చున్నాను. ఇప్పుడు కత్తి కాదు, చిన్న ముళ్ళ చక్రం, మీ కళ్ళ ముందే మరిగే నీళ్ళలో వేయిస్తాను, నా చేతికే ముందు వేయించుకుంటాను అని చెప్పాను. నెల పట్టింది. చివరికి ఊరి పెద్ద ఒప్పుకున్నాడు, మగవాళ్ళు ఒప్పుకున్నారు, అందరికంటే కష్టం మీద మామ్మ ఒప్పుకుంది. తన మనవరాలినే ముందు కూర్చోబెడతానంది. మామ్మ కూర్చోబెడితే ఊళ్ళో ఇంక వెనకాడే ఆడది ఉండదు.

ఒక్కటే అడిగారు. ఊరి అమ్మవారి పండగకి రోజు పెట్టేశారు. రోజు పెట్టిన దగ్గర్నుంచి, ఘటాలు ఎత్తి అమ్మవారిని సాగనంపే అనుపు దాకా ఎవరి ఒంటి మీదా సూది పడకూడదు. అనుపు అయిన మర్నాడు పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గరికి తామే తెస్తామన్నారు. అంతా కలిపి పదకొండు రోజులు.

హెల్తాఫీసరు సైకిలు మీద బడికొచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. బెంచీ మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, అంతా విన్నాడు. ఘటం అంటే ఏమిటని అడిగాడు. పసుపు రాసిన కుండ, అందులో పసుపునీళ్ళూ వేపమండలూ ఉంటాయి, ఇంటికో ఆడమనిషి నెత్తికెత్తుకుంటుంది, గుడి దాకా దించదు, రెండు చేతులూ కుండ మీంచి తియ్యదు అని ఉత్సాహంగా చెప్పుకుపోయాను. "ఏ రోజు ఎత్తుతారు? ఎన్ని గంటలకి?" అని అడిగాడు. పల్లెటూరి ఆచారాన్ని ఇంత శ్రద్ధగా అడిగే ఆఫీసరు ఉన్నాడే అని మురిసిపోయాను. రోజూ చెప్పాను, వేళా చెప్పాను. అనుపు మర్నాడు ఒక్క పిల్లా తప్పిపోకుండా జాబితా ఉంటే బాగుంటుందంటే, ఆ సాయంత్రమే కూర్చుని ఇంటింటి పిల్లల పేర్లూ వయసులూ రాసిచ్చాను.

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా. మీ మాటే నా మాట" అన్నాడు ఆయన.

ఘటాలు ఎత్తిన మంగళవారం పొద్దున వీధి పొడుగునా ఆడవాళ్ళు వరసగా నడుస్తున్నారు. పిల్లలు పక్కన. మామ్మ అందరికంటే ముందుంది. డప్పుల మోతలో జీపు వచ్చిన సంగతి ఎవరికీ తెలియలేదు. ఆ రోజుల్లో కొండల వైపు జరుగుతున్న నక్సలైటు గొడవల వల్ల పోలీసు జీపు కనిపిస్తే చాలు, మగవాళ్ళు ఏ తప్పూ చెయ్యకపోయినా పొలాలకడ్డం పడి పారిపోయేవారు. ఆ రోజూ అలాగే పరిగెత్తారు. వీధిలో మిగిలింది నెత్తిన కుండలతో ఆడవాళ్ళూ, పిల్లలూ.

వీధికి రెండు వైపులా కానిస్టేబుళ్ళు నిలబడ్డారు. మా అరుగు మీదే స్పిరిటు దీపం వెలిగించారు. ఒకతను కాగితం చూసి పేర్లు పిలుస్తుంటే ఇద్దరు ఆ పిల్లని పట్టి తెచ్చి కూర్చోబెడుతున్నారు. తల్లులు అరుస్తున్నారు, ఏడుస్తున్నారు, తిడుతున్నారు. ఒక్కరూ కుండ దించలేదు. దించలేరు. మనవరాలి చెయ్యి పట్టి లాక్కెళ్తుంటే మామ్మ రెండు చేతులూ కుండకే ఉన్నాయి. మెడ కూడా తిప్పలేక, కళ్ళు మాత్రం పక్కకి తిప్పి చూస్తూ నిలబడింది.

నేను జీపు పక్కనే నిలబడ్డ హెల్తాఫీసరు చొక్కా పట్టుకున్నంత పని చేశాను. "పదకొండు రోజులు ఆగుతానన్నారు కదండీ! వాళ్ళే తెస్తామన్నారు కదండీ!" అన్నాను.

"నెలాఖరు రిపోర్టు మీరు రాస్తారా అమ్మా?" అన్నాడు. తర్వాత మెత్తగా, "మీరు చెప్పబట్టే ఇంత సులువుగా అయింది. మీ సహకారం గురించి పైకి రాస్తాను" అన్నాడు.

అతని మొహం మీద ఉమ్మెయ్యలేకపోయానని ఇప్పటికీ బాధపడతాను.

అప్పటికి మామ్మ మనవరాలికి టీకా పడిపోయింది. పిల్ల ఏడుపు ఆపి, పక్కనే అరుగు మీద పెట్టిన కాగితం చూసింది. కనిపించిన ప్రతి అక్షరం చదివే పిల్ల కదా. "మామ్మా, ఇది మన పంతులమ్మ రాత" అంది. నేరం మోపినట్టు కాదు, ఉత్త ఆశ్చర్యంతో అంది. వీధి వీధంతా విన్నది. డప్పులు అప్పటికే ఆగిపోయాయి.

నిజం చెప్పాను. మోసపోయానని ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. ఒకరిద్దరు నమ్మారేమో కూడా. మామ్మ మాత్రం గది ఖాళీ చెయ్యమనలేదు, తిట్టలేదు, నీళ్ళ కుండ ఎప్పటిలాగే నింపి పెట్టేది. పెట్టి మొహం తిప్పుకుని వెళ్ళిపోయేది. పిల్ల బడి మానేసింది. పక్క ఇళ్ళ పిల్లలు నెమ్మదిగా తిరిగొచ్చారు, ఆ పిల్ల రాలేదు.

ఎండాకాలంలో ఏటి అవతలి ఊళ్ళో మశూచికం వచ్చింది. మా ఊళ్ళో ఒక్కరికీ రాలేదు. ఇంకేం, కోపాలు పోతాయి అనుకున్నాను. కోటబొమ్మాళి వెళ్ళి ఆరో తరగతి ఫారం తెచ్చి, నేనే నింపి, ఇంకు డబ్బాతో మామ్మ ముందు కూర్చున్నాను. వేలిముద్ర ఒక్కటే కావాలి.

"పిల్ల బతికింది మామ్మా. టీకా వల్లే బతికింది. ఆ సంగతైనా సూడు" అన్నాను, ఆవిడ యాసలోనే.

"బతికినాది. కాదన్నానేటి?" అంది మామ్మ. "అనుపు మర్నాడు నా సేత్తో నానే తెత్తును కదా. అప్పుడూ బతికేది. నా గుంటని నాను తెత్తానంటే దొంగని పట్టినట్టు పట్టించినావు."

"నేను పట్టించలేదు మామ్మా, వాడు నన్ను..."

"నిన్ను వోడు మోసం సేసినాడు. నన్ను నువ్వు సేసినావు. వోడెవడో నాకు తెల్దు పంతులమ్మా. నాను నమ్మింది నిన్ను."

నేను ఏడుస్తూనే కాగితం ముందుకి జరిపాను. మామ్మ దాన్ని ముట్టుకోకుండా లోపలికి కేకేసింది: "ఒసే, ఇలా రా. ఇందులో ఏటి రాసుందో సదువు."

పిల్ల వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఫారం ఒళ్ళో పెట్టుకుని మొదటి గీత నుంచి చివరి గీత దాకా, పేరూ, ఊరూ, తండ్రి పేరూ, పుట్టిన రోజూ, ఎక్కడా తడుముకోకుండా పైకి చదివింది. నేను నేర్పినట్టే, కామా దగ్గర ఆగుతూ చదివింది.

"అంతా సరిగ్గానే ఉన్నాది మామ్మా. అబద్ధం ఏటీ నేదు" అంది.

మామ్మ ఇంకు డబ్బా వైపు చూసింది. బొటనవేలు ముంచుతుందనే అనుకున్నాను. పిల్లే అడ్డుపడింది. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టి, "ఆ రోజు కాయితంలోనూ అబద్ధం ఏటీ నేదు. నాను ఎల్లను" అని లోపలికి వెళ్ళిపోయింది.