పేరున్న సగం

సర్వే మేడం పోయారని పొదిలి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. ప్రత్తిపాడులో నా మందుల షాపు ముందుండే కాయిన్ బాక్స్‌కే చేసింది. మేడం మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ అక్కాచెల్లెళ్ల ఆదివారం కబుర్లన్నీ ఆ ఫోన్లోనే నడిచాయి. "అక్క పోయిందన్నయ్యా" అంది. జ్వరం బిళ్లల కోసం వచ్చినవాళ్లు కొట్టు ముందు నిలబడి నా మొహం చూస్తున్నారు.

మేడం ఆర్థికశాస్త్రం చదువుకున్న మనిషి. ఒకరికి జబ్బు చేస్తే పల్లెల్లో ఇల్లంతా ఎలా చితికిపోతుందో తేల్చే పరిశోధన ఆవిడది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. మా వీధిలో గది అద్దెకు తీసుకుని, పగలంతా ఊళ్లు తిరిగి, సాయంత్రం నా కొట్టు బల్ల మీద చేరి చెప్పులకంటిన నల్లరేగడి మట్టి పుల్లతో గోక్కునేవారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. బేరం జరిగేటప్పుడు పక్కన కూర్చుని చూసే మనిషంటే ఎవరికి గిట్టుతుంది? "ఇంట్లో టీవీ లేదా మేడం?" అన్నానొకసారి. "ఉంది అన్నయ్యా. కరెంటే లేదు" అన్నారు.

"మందులకెంత అయింది?" అని ఆవిడ ఎవర్నీ అడిగేవారు కాదు. అడిగితే "ఏమోనమ్మా, ఎవరు లెక్కేశారు" అంటారు జనం. "ఏం అమ్మారు?" అని అడిగేవారు. అంతే, గేదె దగ్గర్నుంచి చెవి కమ్మల దాకా గడగడా చెప్పేసేవాళ్లు. భార్యకు ఆపరేషన్ పడిందని ఒక రైతు, ధర పెరుగుతుందని కోల్డ్ స్టోరేజీలో దాచుకున్న మిర్చి టిక్కీ బస్తాలన్నీ అడిగినకాడికి అమ్మేశాడు. ఆ సాయంత్రం మేడం ఆ లెక్క పుస్తకంలో రాసుకున్నారు. "మందుల ఖర్చు మీ బిల్లులో కనపడదు అన్నయ్యా. ఆ తర్వాత ఇంట్లోవాళ్ల కంచాల్లో కనపడుతుంది" అన్నారు.

మా కొట్టులో డాక్టరు చీటీలో రాసినవి మొత్తం కొనేవాళ్లు తక్కువ. "అబ్బాయ్, రెండ్రోజులకియ్యి చాలు. తగ్గకపోతే మళ్లీ వస్తా" అంటారు. మీలోనూ చాలామంది అలా కొనే ఉంటారు. కత్తెరతో స్ట్రిప్ కోసి, మందు పేరూ గడువు తేదీ అచ్చయిన సగం మేం ఉంచుకుని, ఏమీ లేని సగం ఇస్తాం. మిగిలింది మళ్లీ అమ్ముకోవాలి కదా. అది మేడం కంటపడింది.

"పేరున్న సగం మీరెందుకు ఉంచుకుంటున్నారు? వాళ్లు మింగేదేంటో వాళ్లకు తెలియొద్దా?"

"మరి మిగిలిన ముక్క ఏంటో నాకెట్టా తెలియాలి మేడం?"

"మీకు చదువొచ్చుగా. కవరు మీద రాసుకుని అందులో వేసుకోండి."

గొణుక్కున్నాను గానీ ఆవిడ వదిలితేగా. ఆనాటి నుంచి పేరున్న సగమే జనానికిస్తున్నాను. ఆ మంచి అలవాటు ఆవిడ పెట్టిందే.

ప్రాజెక్టు ముగిసిన కొన్నాళ్లకే ఆవిడ జబ్బు బయటపడింది. గుంటూరు డాక్టరు రాసిన చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. చదివి ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. మందు ప్రత్యేకంగా తెప్పించాను. ధర విని, "సగానికి కోయండి అన్నయ్యా. రోజు విడిచి రోజు వేసుకుంటాను" అన్నారు.

"ఇది జ్వరం బిళ్ల కాదు మేడం. మొత్తం తీసుకెళ్లండి, డబ్బుల సంగతి తర్వాత చూద్దాం."

"ఒక నెల మీరిస్తారు. ఆ తర్వాత? మాకున్నది చెల్లి సాగు చేసే పొలమొక్కటే. అది అమ్మితే దాని పిల్లలేం తింటారు? అట్టాంటి ఇళ్లు ఎన్ని చూశానో మీకు తెలుసు."

"అవన్నీ చూసి మీరు నేర్చుకున్నది ఇదా?" అని గట్టిగానే అన్నాను. కత్తెర నా వైపు జరిపారు.

కోసి, అలవాటు కొద్దీ పేరున్న ముక్క ఇవ్వబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అది వద్దు, పేరు లేనిది ఇవ్వండి. గ్యాస్ మందని చెప్పాను చెల్లికి. నేను పొదిలి వెళ్లినప్పుడు పేరు కనపడితే తీసుకెళ్లి ఆర్‌ఎంపీకి చూపిస్తుంది. సాయంత్రానికల్లా పొలం బేరం పెట్టేస్తుంది."

అది నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. ఊరందరి నష్టమూ లెక్కగట్టిన మనిషి, తను పోతే ఎంత నష్టమో లెక్కలోకే తీసుకోలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. మిగతా సగం కోసం ఆవిడ మళ్లీ రాలేదు. ఓపిక తగ్గి పొదిలి వెళ్లిపోయారు.

పెద్దకర్మ అయ్యాక, గది ఖాళీ చేయడానికి చెల్లెలు వచ్చింది. "అక్క నిజంగా వాడిందేంటన్నయ్యా?" అని అడిగింది. కోసిన ముక్కలు దాచే డబ్బా తీసి, పేరున్న ఆ ముక్క ఆమె చేతిలో పెట్టాను. పేరు కూడబలుక్కుని చదివింది. ధర అడిగితే చెప్పాను. అరచేతిలో దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఊరందర్నీ ఏం అమ్మారని అడిగింది. ఏం అమ్ముదామే అని నన్నొక్కసారి అడగలేదన్నయ్యా" అంది.

ముక్కని బల్ల మీదే వదిలేసి, బస్సుకి టైమైందని వెళ్లిపోయింది. నేను తీసి మళ్లీ డబ్బాలో వేశాను. మా ఊళ్లో ఆ మందు అడిగేవాళ్లు ఎవరూ లేరు. దాని మీద అచ్చేసిన తేదీకి ఇంకా చాలా టైముంది.