పీపాచెక్కల అల్మరా

మా చిన్నత్త పొద్దున లేవగానే, మొహమైనా కడుక్కోకముందే, తన మోచేతి మడతలో ముక్కు పెట్టి నిదానంగా గాలి పీలుస్తుంది. రోజూ మారకుండా ఉండే వాసన అదొక్కటేనట. అది తెలిసిందంటే ముక్కు నిద్ర లేచినట్టే.

అత్త పని రమ్ము రుచి చూడటం. కరీబియన్ దీవుల నుంచి ఓడల మీద పీపాలు వస్తాయి. వాటిలోది గడగడా తాగి గ్లాసు బోర్లించే సరుకు కాదు. ఏళ్ల తరబడి చెక్కలో ఊరి, పెదవి తడుపుకుంటూ తీరిగ్గా తాగేది. ఏ పీపా ఇప్పుడు సీసాల్లోకి దిగాలో, ఏది ఇంకా ఆగాలో ఆ కంపెనీలో ముగ్గురు కూర్చుని తేలుస్తారు. అత్త మొదట్లో ఆ ముగ్గురిలో లేదు. పక్క గదిలో ఘాటు కొలిచే పని ఆమెది. గోడకి ఇవతల కూర్చుని అవతలి గది మీద మనసు పెట్టుకున్న మనిషి.

ఒక కుర్చీ ఖాళీ అయినప్పుడు, రుచి గదికి పెద్దగా ఉన్నాయన అత్తని పిలిచి, "రెండు నెలలు సాధన చెయ్యమ్మా. ఆరు గ్లాసులు పెడతాను. వయసు వరసలో పేర్చి, ఏది ఎన్నేళ్లదో చెప్పు. చెబితే కుర్చీ నీది," అన్నారు. వయసు రాసిన చీటీలు అంటించిన చిన్న చిన్న సీసాలు ఇంటికిచ్చి పంపారు.

ఇక ఇంట్లో మాకు గడ్డురోజులొచ్చాయి. వాసన సబ్బు బంద్, అగరొత్తులు బంద్, ఉల్లిపాయ బంద్. వంటకి తాలింపు కూడా తలుపులేసుకుని పెట్టాలి. నేను అక్కడే ఉండి చదువుకునేదాన్ని కాబట్టి ఆ చప్పిడి తిండి నాకూ తప్పలేదు. సాయంత్రం అత్త నడుము సన్నగా, మూతి బిగువుగా ఉండే గ్లాసులో ఒక గుక్క పోసుకుని, నాలుగు చుక్కలు నీళ్లు కలిపి, వాసన చూసి, నోట్లో తిప్పి, పక్కన పెట్టుకున్న గిన్నెలో ఉమ్మేసేది.

"తాగితే తాగాలి, మానితే మానాలి. ఈ పుక్కిలింపులేంటే?" అనేది నానమ్మ. "ఎదురింటివాళ్లు చూస్తే తాటిచెట్టు కింద పాలు తాగినట్టే."

"మింగితే మూడో గ్లాసు నుంచి అన్నీ బాగున్నట్టే ఉంటాయమ్మా. అన్నీ బాగున్నాయని చెప్పడానికి నేనెందుకు, నువ్వు చాలవూ?"

మామయ్య వడ్రంగి. తనూ ఏదో ఒక సాయం చెయ్యాలని, కంపెనీవాళ్లు పారేసిన పాత పీపాల చెక్కలు తెచ్చి, గ్లాసుల మీద దుమ్ము పడకుండా ఒక అల్మరా చేశాడు. ఒక్క మేకు లేదు. పీపాచెక్క వంపు పోదు కాబట్టి దాని తలుపులు ముందుకి ఉబ్బి ఉండేవి. "దీనికి ఎన్నో నెల?" అని నానమ్మ వచ్చినవాళ్లందరి ముందూ అడిగేది. అత్త మాత్రం మురిసిపోయి గ్లాసులన్నీ అందులోనే బోర్లించింది.

పరీక్ష రోజు వచ్చింది. తెల్ల గోడల గది, మూతలు పెట్టిన ఆరు గ్లాసులు. అత్త ఒక్కొక్కటే తీసింది. మగ్గిన అరటిపండు అందింది, మాడిన బెల్లం అందింది, నారింజ తొక్క అందింది. చెక్క మాత్రం అందాల్సినంత అందలేదు. ఇంట్లో పద్ధెనిమిదేళ్లది మూత తియ్యగానే పాత బీరువా తెరిచినట్టు గుప్పుమనేది. ఇక్కడ అన్నిటికంటే ముదురుది కూడా ఇంటి పన్నెండేళ్లదానిలాగే ఉంది. అన్నిటికీ రెండు మూడేళ్లు కలిపి చెప్పేద్దామా అనుకుంది. కానీ తెలియనిది కలిపి చెప్పడానికి మనసొప్పక, ముక్కు చెప్పిందే చెప్పింది.

పెద్దాయన గ్లాసుల కింద పెట్టిన వయసు చీటీలు తిప్పి చూశారు. "వరస ఆరుకి ఆరూ సరిపోయింది. వయసులే... ప్రతిదానికీ తగ్గించావు."

"అయితే కుర్చీ పోయినట్టేనాండీ?"

"తొందరపడకు. ఇంట్లో దేంట్లో పోసుకుని చూస్తున్నావు?"

"ఇలాంటి గ్లాసులేనండి."

"రేపు ఒకటి పట్టుకురా. కడక్కుండా, పెట్టిన చోటు నుంచి తీసి తీసినట్టే."

మర్నాడు ఆయన ఆ ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చాలాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత పక్కనున్నాయన చేతికిచ్చారు. ఆయనా చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఇది ఖాళీగానే నాలుగేళ్లదమ్మా," అన్నారు పెద్దాయన. "ఎక్కడ పెడుతున్నావు దీన్ని?"

అత్త అల్మరా సంగతి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. బోర్లించిన గ్లాసు నిండా చెక్క వాసన పట్టేసింది. రెండు నెలలుగా అత్త రమ్ములో అల్మరా కలుపుకుని రుచి చూసి, అదే అసలు లెక్క అనుకుంది.

"గడియారం ఆలస్యంగా నడిస్తే సరిచేసుకోవచ్చు," అన్నారాయన. "ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోయేదాంతోనే వేగలేం. నీది అన్నిటిలో ఒకేలా తగ్గింది. నెల తర్వాత మళ్లీ రా."

ఇంటికొచ్చి చెబితే మామయ్య మొహం చిన్నబోయింది. "నా చేత్తో నేనే చెడగొట్టానా?"

"ఊరుకోండి, నాకు చెక్క వాసన నేర్పింది మీరే కదా, కాస్త ఎక్కువ నేర్పారంతే," అంది అత్త.

"పోనీలే నాయనా, అంత ముక్కునే బోల్తా కొట్టించిందంటే నీ పనితనం గట్టిదే," అని నానమ్మ ఓదార్చింది.

గ్లాసులు కిటికీ పక్క బల్ల మీదికి, పల్చటి గుడ్డ కిందికి మారాయి. అత్త మొదటి సీసా నుంచి మళ్లీ మొదలుపెట్టింది. వారం రోజులు అంతా అయోమయమే. తర్వాత, చెక్క వెనకాల ఇన్నాళ్లూ దాక్కున్న వాసనలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయని చెప్పేది. కొబ్బరి పీచు, ఎండు ద్రాక్ష, ఒక సీసాలో అయితే కొత్త చెప్పుల తోలు.

రెండో పరీక్షలో ఒక్కదానికే ఒక ఏడాది తేడా వచ్చింది. పెద్దాయన ఖాళీగా ఉన్న కుర్చీని బల్ల దగ్గరికి జరిపారు.

ఇప్పుడు అత్త వారానికి ఐదు రోజులు పొద్దున పది నుంచి భోజనాల వేళ దాకా రుచి గదిలో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనమయ్యాక ముక్కు మొద్దుబారుతుందని ఏ గ్లాసూ ముట్టదు.